జనరల్ గియాప్ సమాధికి వెళ్లాలంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫ్రెంచి సైన్యాన్ని దియెన్ బియెన్ ఫూలో ఓడించిన వియత్నాం సేనాని వో ఙుయెన్ జాప్‌ను మన పత్రికలు జనరల్ గియాప్ అని రాస్తూ వచ్చాయి. ఆయన సమాధి ఆ దేశం మధ్య భాగంలో, సముద్రపు ఒడ్డున ఒక కొండ మీద ఉంది. అక్కడికి వెళ్లడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులిస్తున్నాం. ఒకే సంగతి నలుగురైదుగురు అడిగినచోట ఒక్క ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: నేను రిటైర్డ్ సోషల్ మాస్టారిని. గియాప్ సమాధి క్వాంగ్ బిన్ రాష్ట్రంలో ఉందని ఒకచోట, క్వాంగ్ త్రి అని ఇంకోచోట చదివాను. ఏది నిజం? అంత పెద్ద నాయకుణ్ణి రాజధానిలో కాకుండా అంత దూరాన ఎందుకు ఖననం చేశారు? – టెక్కలి

జవాబు: రెండూ నిజమే మాస్టారూ. 2025 జులై 1న వియత్నాం తన రాష్ట్రాలను కలిపి తగ్గించింది. అప్పుడు క్వాంగ్ బిన్, దాని దక్షిణాన ఉన్న క్వాంగ్ త్రి ఒకటయ్యాయి. పేరు క్వాంగ్ త్రి అని ఉంచి, పాలనా కేంద్రాన్ని మాత్రం పాత క్వాంగ్ బిన్ ముఖ్య పట్టణమైన దొంగ్ హోయ్‌లో పెట్టారు. జిల్లా అనే అంచెను కూడా అదే రోజు తీసేశారు. అందుకే పాత పుస్తకాల్లో క్వాంగ్ చాక్ జిల్లా అని కనిపించేది కొత్త మ్యాపుల్లో కనిపించదు. మీరు వెతకాల్సిన పేరు 'వూంగ్ చువా – దావ్ యెన్'. వూంగ్ అంటే చిన్న అఖాతం, చువా అంటే పగోడా. దావ్ యెన్ అంటే యెన్ పక్షుల దీవి. ఒడ్డుకు ఎదురుగా నీళ్లలో కనిపించే చిన్న దీవి అదే.

ఇక ఎందుకు అక్కడ అన్నది. హనోయ్‌లో మై దిక్ అనే శ్మశానం ఉంది, పెద్ద నాయకులను సాధారణంగా అక్కడే ఖననం చేస్తారు. గియాప్ మాత్రం తన సొంత గడ్డలో ఉండాలని కోరుకున్నారు. ఆయన 1911 ఆగస్టు 25న అదే క్వాంగ్ బిన్‌లో, లే థుయ్ ప్రాంతపు అన్ సా గ్రామంలో పుట్టారు. 2013 అక్టోబరు 4న హనోయ్‌లో చనిపోయారు. అదే నెల 13న భౌతికకాయాన్ని విమానంలో దొంగ్ హోయ్‌కి తెచ్చి, అక్కణ్ణుంచి రోడ్డు మీద వూంగ్ చువాకి తీసుకెళ్లారు. ఆ దారి పొడవునా జనం నిలబడి సాగనంపారు.

చోటు ఎలా ఉంటుందంటే, వెనక హ్వాఞ్ సన్ కొండల వరస, ముందు సముద్రం. కొండను వీపుకు ఆనించుకుని నీళ్లవైపు చూస్తూ కూర్చోవడం వాళ్ల వాస్తు సంప్రదాయంలో చాలా మంచి స్థానం. శాలిహుండం కొండ మీద నిలబడి కిందికి వంశధారను చూసినవాళ్లకు ఆ అమరిక చెప్పకుండానే అర్థమవుతుంది. అక్కడ నది బదులు ఇక్కడ సముద్రం. సమాధి కట్టడం నిరాడంబరంగా ఉంటుంది. గోపురాలు, గుర్రం మీద విగ్రహాలు ఊహించుకుని వెళ్లకండి. ఆయన సైన్యంలోకి రాకముందు హనోయ్‌లోని థాంగ్ లాంగ్ అనే బడిలో చరిత్ర పాఠాలు చెప్పిన మాస్టారు. మీ ఉత్తరం చదివితే ఆ మాట గుర్తొచ్చింది.

ప్రశ్న: పై పేరులో 'ఙు' అని రాశారేమిటి? పేపర్లలో 'ఎంగుయెన్' అని ఉంటుంది కదా. అక్కడ టాక్సీవాడికి ఏమని చెప్పాలి? – పార్వతీపురం

జవాబు: చిన్నప్పుడు వర్ణమాలలో 'క ఖ గ ఘ ఙ' అని వల్లె వేసి, ఆ ఙ ని మళ్లీ ఎప్పుడూ వాడలేదు కదా. ఆ అక్షరం వియత్నాంలో రోజూ పనికొస్తుంది. వాళ్ల భాషలో మాట మొదట్లోనే ఆ శబ్దం వస్తుంది. 'అంగం' అనే మాటను మెల్లగా పలికి, 'గ' దగ్గరికి వెళ్లకముందే ముక్కులో ఆగిపోండి. అక్కడ పలికేదే ఙ. వాళ్లు రాసుకునే రోమన్ లిపిలో దానికి ఒక్క అక్షరం లేక రెండు అక్షరాలు పేర్చారు. మనం వాటిని ఇంగ్లిషులా చదివి 'ఎంగుయెన్' అని రాసుకున్నాం. మన లిపిలో అక్షరం ఉండగా ఆ తిప్పలు అక్కర్లేదు. అలాగే మన ఞ కూడా వాళ్లకుంది. అన్నను 'ఆఞ్' అంటారు. గియాప్ విప్లవ నామం వన్. పాత సహచరులు ఆయన్ను చివరిదాకా 'ఆఞ్ వన్', అంటే వన్ అన్న అనే పిలిచారు.

చివరి మాట 'గియాప్' అని విడివిడిగా పలికితే అక్కడ ఎవరికీ తెలియదు. హనోయ్‌లో 'జాప్' అంటారు. ఆ 'జ' జనంలో జ కాదు, బజారులో జ. దక్షిణానికి పోయేకొద్దీ అది 'యాప్' అవుతుంది. సైనిక హోదాతో 'దాయ్ తుఅంగ్' అంటే మహా సేనాని అని, ఒక్క ఆ మాట అన్నా ఆయనే అని అర్థం చేసుకుంటారు. ఐతే వాళ్ల భాషలో స్వరం ఎత్తు మారితే మాటే మారిపోతుంది. మీరు సరిగ్గా అన్నాననుకున్నది వాళ్లకు వేరే మాటగా వినిపించవచ్చు. కాబట్టి హోటల్‌లో దిగగానే, వెళ్లాల్సిన చోటు పేరు వాళ్ల లిపిలో, గుర్తులతో సహా కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది.

ప్రశ్న: పలాస నుంచి బయల్దేరి అక్కడికి చేరడానికి దగ్గర దారి చెప్పండి. నలుగురం వెళ్దామనుకుంటున్నాం. – కాశీబుగ్గ

జవాబు: హైదరాబాద్ నుంచి, కోల్‌కతా నుంచి వియత్నాంకు నేరుగా విమానాలు ఉన్నాయి. మీ నలుగురికీ కోల్‌కతా మేలు. రాత్రి రైలెక్కితే పొద్దున్నకి హౌరా. అక్కణ్ణుంచి డమ్‌డమ్ విమానాశ్రయానికి ఊరు దాటి పోవాలి, ట్రాఫిక్‌కి రెండు గంటలు వదులుకోండి. మన లైన్‌లో రైళ్లు ఆలస్యం కావడం మీకు కొత్తేం కాదు. రైలు దిగే సమయానికి, విమానం ఎగిరే సమయానికి మధ్య కనీసం పది గంటలు ఉండేలా టికెట్లు తీసుకోవాలి. కోల్‌కతా నుంచి హనోయ్‌కి గాలిలో ఉండేది సుమారు రెండున్నర గంటలు. గడియారం గంటన్నర ముందుకి తిప్పుకోవాలి. సర్వీసులు సీజన్‌ను బట్టి మారుతుంటాయి, అందుకని విమానం టికెట్ ఖాయం చేసుకున్నాకే రైలు టికెట్ తీసుకోండి.

హనోయ్‌లోని నోయ్ బాయ్ విమానాశ్రయం నుంచి 86 నంబరు బస్సు నేరుగా రైల్వే స్టేషన్‌కు వెళ్తుంది. అక్కణ్ణుంచి దొంగ్ హోయ్ 522 కిలోమీటర్లు, రైల్లో దాదాపు పది గంటలు. సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి దిగుతారు. అక్కడి లైను మీటర్ గేజ్. వెనకటి నౌపడా–గుణుపూర్ చిన్న రైలు అంత ఇరుకు కాదు గానీ, మన పెట్టెలకు అలవాటైనవాళ్లకు పెట్టె సన్నగానే అనిపిస్తుంది. నాలుగు బెర్తుల గదులు మెత్తనివి, ఆరు బెర్తుల గదులు చవక. మీరు నలుగురు కాబట్టి నాలుగు బెర్తుల గది మొత్తం మీదే అవుతుంది. ఆరు బెర్తుల గదిలో పై బెర్తు మీద కూర్చుంటే తల పైకప్పుకి తగులుతుంది, పడుకోవడమే. పండగ రోజుల్లో, ముఖ్యంగా తేత్ అనే వాళ్ల కొత్త సంవత్సరం ముందు వెనకల, టికెట్ దొరకదు. అది జనవరి చివర, ఫిబ్రవరిలో వస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మ్యాపు చూస్తే హనోయ్ నుంచి వచ్చే దారిలో వూంగ్ చువా ముందు వస్తుంది, దొంగ్ హోయ్ తర్వాత వస్తుంది. 'ముందే దిగిపోతే దూరం కలిసొస్తుంది కదా' అనుకుంటారు. కానీ రైలు మార్గం ఆ భాగంలో తీరం వదిలేసి, కొండల వెనక్కి, దొంగ్ లే మీదుగా చుట్టు తిరిగి వస్తుంది. వూంగ్ చువా దగ్గర స్టేషనే లేదు. కాబట్టి దొంగ్ హోయ్ దాకా పోయి, ఉత్తరానికి వెనక్కి రావాల్సిందే.

దొంగ్ హోయ్ నుంచి ఒకటో నంబరు జాతీయ రహదారి మీద 65 కిలోమీటర్ల పైన, కారులో గంటన్నర. ఎన్‌హెచ్ 16 మీద శ్రీకాకుళం నుంచి ఇచ్ఛాపురం వైపు పోతున్నట్టే ఉంటుంది: కుడిచేతివైపు సముద్రం, ఎడమచేతివైపు దూరంగా కొండలు. దారిలో యాఞ్ నది మీద పెద్ద వంతెన దాటుతారు. ఒకప్పుడు రెండు రాజవంశాల మధ్య దేశాన్ని రెండుగా చీల్చిన సరిహద్దు ఆ నది. అది దాటాక బా దోన్ పట్టణం, ఆ తర్వాత కొండలు రోడ్డుకు దగ్గరపడతాయి. అప్పుడు కుడివైపు, సముద్రంవైపు తిరగాలి. దేవ్ ఙాంగ్ కనుమ కింద సొరంగం కనిపించిందంటే మీరు మలుపు దాటి వచ్చేశారన్నమాట, వెనక్కి తిరగండి.

కారు మాట్లాడుకునేటప్పుడు రానూపోనూ, మధ్యలో రెండు గంటలు ఆగడంతో కలిపి ఒకే ధర ముందే కాగితం మీద రాయించుకోండి. ఒక్క వైపు మాట్లాడుకుని వెళ్తే తిరుగు బండి అక్కడ దొరకడం కష్టం. పొద్దున ఆరున్నరకి బయల్దేరితే ఎనిమిదింటికి చేరతారు. ఆలస్యం చేసి పదకొండున్నరకి చేరితే మధ్యాహ్నం విరామంలో చిక్కుకుని, మళ్లీ తెరిచేదాకా ఎండలో కూర్చోవాలి.

ప్రశ్న: నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరు గడిలోనే అంతా కలిపి ఉంది. వీసాకి ఇబ్బంది అవుతుందా? – సాలూరు

జవాబు: మన తెలుగువాళ్లకు వీసా దగ్గర ఎదురయ్యే అసలు తలనొప్పి ఇదే. పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరసలు ఉంటాయి చూడండి. మొదటి వరసలో 'పి' అక్షరం, దేశం సంకేతం తర్వాత మీ పేరు ఉంటుంది. విమానాశ్రయంలో యంత్రం చదివేది దాన్నే. వీసా దరఖాస్తులో పేరు ఆ వరసలో ఉన్న క్రమంలో, ఉన్న స్పెల్లింగ్‌తో ఉండాలి. లేని ఇంటిపేరును ఆధార్‌లో ఉంది కదా అని చేర్చొద్దు. ఉన్న అక్షరాన్ని తగ్గించొద్దు. విమానం టికెట్ మీద కూడా అదే పేరు ఉండాలి.

భారతీయులకు ఈ-వీసా ఇస్తారు. 90 రోజుల దాకా చెల్లుతుంది. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా వెళ్లి రావడానికి 50. దరఖాస్తు తిరస్కరించినా ఆ డబ్బు తిరిగి రాదు. మూడు పని దినాలు అంటారు, పదిహేను రోజుల ముందు పెట్టుకోవడం మంచిది. కళ్లద్దాలు లేని ఫొటో, పాస్‌పోర్టు పేజీ స్పష్టమైన స్కాన్ కావాలి. ఫ్లాష్ వెలుగు పడి అడుగు వరసలు తెల్లబడితే తిప్పి పంపుతారు. ఏ తేదీన, ఏ విమానాశ్రయంలో దిగుతారో కూడా రాయాలి. వీసాలో రాసిన తేదీ కన్నా ముందు వెళ్తే లోపలికి రానివ్వరు.

చివరికి వచ్చిన కాగితం మీద పాస్‌పోర్టు నంబరును ఒక్కో అంకె వేలు పెట్టి సరిచూడండి. సున్నాకి 'ఓ' అక్షరం పడిందంటే కొత్త దరఖాస్తు, కొత్త ఫీజు. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా 'గవ్ డాట్ వీఎన్' అని ముగుస్తుంది. అలా ముగియనివి మధ్యవర్తులవి, వాళ్లు రెండు మూడింతలు గుంజుతారు. పాస్‌పోర్టు గడువు ఇంకా ఆరు నెలలు ఉండాలని మరచిపోవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. ఎర్రజెండా మనిషి, ఒక్కసారి చూడాలని ఆశ. మెట్లు ఎక్కగలరా? – విజయనగరం

జవాబు: అమ్మా, మీరు నాన్నగారి ఆశ తీర్చాలనుకోవడం మంచి మాట. సమాధి కొండ వాలు మీద ఉంది, పైకి వందకు పైచిలుకు రాతి మెట్లు. అరసవల్లి గుడికి నడిచినంత తేలిక కాదు, సింహాచలం మెట్లదారి అంత కష్టమూ కాదు. తొందర లేకుండా ఎక్కితే ఇరవై నిమిషాలు అనుకోండి.

నెల ముందు నుంచి ఇంటి దగ్గర మెట్లు ఎక్కించి దింపండి. మొదటి వారం ఇరవై మెట్లు, ఆ తర్వాత వారానికి ఇరవై చొప్పున పెంచండి. ఇరవై మెట్లకే మోకాలు వాచిపోతే ఈ ప్రయాణం గురించి డాక్టరుతో మాట్లాడాలి. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వేయాలి. చాలామంది ఎక్కడం గురించే భయపడతారు. నిజానికి మోకాలికి దెబ్బ దిగేటప్పుడే, ఒంటి బరువంతా వంచిన కాలు మీద ఆగుతుంది కాబట్టి. చేతికర్ర తప్పకుండా పట్టించండి.  తోలు చెప్పులు వద్దు, వాన తడికి రాయి జారుతుంది. అడుగున గరుకుగా ఉన్న కాన్వాస్ బూట్లు మేలు. మందులు చీటీతో సహా, అమ్మిన స్ట్రిప్‌లోనే తీసుకెళ్లండి. రోజుకిన్ని అని డబ్బాల్లో విడగొట్టి పెట్టినవి కస్టమ్స్‌లో ప్రశ్నలకు దారితీస్తాయి. రైల్లో కింది బెర్తు డబ్బులెక్కువైనా తీసుకోండి.

అక్కడ కాపలా ఉండేది సరిహద్దు రక్షక దళం సైనికులు. వృద్ధులంటే వాళ్లకు ఎంతో మర్యాద. నాన్నగారు పైకి ఎక్కలేని పరిస్థితి వస్తే ఆ సంగతి సైగతోనైనా వాళ్లకు చెప్పండి. కింద నుంచే సమాధివైపు తిరిగి నమస్కరించినా అది దర్శనమే.

ప్రశ్న: మా ఉద్దానం నుంచి ఒక కొబ్బరికాయ, పలాస జీడిపప్పు తీసుకెళ్లి సమాధి దగ్గర పెట్టాలని ఉంది. తిరిగి వచ్చేటప్పుడు పిడికెడు మట్టి తేవచ్చా? – కవిటి

జవాబు: మీ మనసు అర్థమైంది. కానీ కొబ్బరికాయ వద్దు. అక్కడ సమాధి దగ్గర కాయ కొట్టే ఆచారం లేదు. పైగా ఎండుకొబ్బరి విమానంలో నిషేధం. దాని నూనెకు వేడి తగిలితే తనంతట తానే రాజుకునే గుణం ఉంది, అందుకే మండే సరుకుల జాబితాలో పెట్టారు. కురిడీ కాయ కూడా అంతే, సామాను స్కానింగ్‌లో తీసి పక్కన పడేస్తారు. జీడిపప్పు సీలు వేసిన ప్యాకెట్టులో తీసుకెళ్లవచ్చు. అయితే సమాధి దగ్గర పెట్టడం కన్నా మీకు సాయం చేసిన డ్రైవరుకో, బస చేసిన ఇంటివాళ్లకో ఇవ్వండి. ప్రపంచంలో జీడిపప్పు అందరికన్నా ఎక్కువ ఎగుమతి చేసేది వియత్నామే. పప్పు వలిచే చేతుల కష్టం వాళ్లకు చెప్పక్కర్లేదు, పలాస నుంచి వచ్చిందంటే విలువ తెలిసి తీసుకుంటారు.

సమాధి దగ్గర పెట్టాల్సింది పూలు. వాళ్లు పసుపు, తెల్ల చామంతులు తెస్తారు. దొంగ్ హోయ్‌లో గానీ, దారిలో బా దోన్ బజారులో గానీ కొనుక్కోండి. విడిపూలూ దండలూ కాదు, కాడలతో ఉన్న గుత్తి. అగరొత్తులు వెలిగిస్తే బేసి సంఖ్యలో, ఒకటి లేక మూడు. వాటిని రెండు అరచేతుల మధ్య నుదుటి ఎత్తుకు పట్టుకుని మూడుసార్లు తల వంచుతారు. పూలు ఎక్కడ పెట్టాలో, అగరొత్తి వెలిగించవచ్చో లేదో అక్కడి సైనికులు చూపించినట్టే చేయండి. చుట్టూ చెట్లున్న కొండ, ఎండాకాలంలో నిప్పుకి వాళ్లు భయపడతారు.

మట్టి మాత్రం ముట్టుకోవద్దు. సమాధి మట్టి తవ్వడం వాళ్ల దృష్టిలో చనిపోయినవాళ్ల నిద్ర చెడగొట్టడమే.

ప్రశ్న: ఫొటోలు తీసుకోవచ్చా? మా సంఘం జెండా పట్టుకుని నినాదాలు ఇవ్వాలని ఉంది. – గజపతినగరం

జవాబు: నినాదాలు వద్దు, జెండా కూడా వద్దు. అక్కడికి వచ్చేవాళ్లలో ఆయన కింద యుద్ధం చేసిన ముసలి సైనికులు, వాళ్ల కుటుంబాలు ఉంటారు. కొందరు నిలబడి ఏడుస్తారు. చావు ఇంటికి వెళ్లినట్టే వెళ్లాలి: టోపీ తీసి, గొంతు తగ్గించి, మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలతో. ప్రవేశ రుసుము లేదు. కింద పేరు రాయించుకుని, వాళ్లు పంపిన వరసలో వెళ్లి, పూలు పెట్టి, ఆగకుండా పక్కకు రావాలి. కెమెరా సంగతి కిందే సైగ చేసి అడగండి, వద్దంటే ఫోన్ జేబులోనే ఉంచండి. సముద్రం, దీవి కనిపించే ఫొటోలు కిందికి దిగాక ఒడ్డు నుంచి తీసుకోవచ్చు.

ప్రశ్న: ఆయన వర్ధంతి నాడే వెళ్లాలని ఉంది. అక్టోబరులో వాతావరణం ఎలా ఉంటుంది? – బొబ్బిలి

జవాబు: ఏడాదిలో మేం వద్దనేది ఆ నెలే. తిత్లీ, హుద్‌హుద్ రెండూ మనకి అక్టోబరులోనే వచ్చాయి కదా. ఆ తీరానికీ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా తుపానుల కాలం. 2017 సెప్టెంబరు 15న దోక్సూరి తుపాను దేవ్ ఙాంగ్ కనుమ పరిసరాల్లోనే తీరం దాటింది. 2020 అక్టోబరులో గియాప్ పుట్టిన లే థుయ్ ప్రాంతం ఇళ్ల కప్పులదాకా మునిగింది. నీళ్లు వస్తే రహదారి, రైలు రెండూ ఆగిపోతాయి. హోటల్ గదిలో మూడు రోజులు కూర్చుని తిరుగు విమానం పోగొట్టుకునే అవకాశమే ఎక్కువ.

వర్ధంతి గురించి ఒక మాట. వాళ్లు పెద్దల సంవత్సరీకాలను మనలాగే తిథి ప్రకారం, చాంద్రమానంలో చేస్తారు. గియాప్ పోయిన 2013 అక్టోబరు 4 మన పంచాంగంలో మహాలయ అమావాస్య. మన పెద్దలకు తర్పణాలు వదిలే రోజు. వాళ్ల లెక్కలో ఎనిమిదో నెల ఆఖరి రోజు. కాబట్టి ఇంట్లోనే ఆ రోజు తలుచుకోవాలంటే మీకు తిథి తెలిసినట్టే, వాన కాలంలో అంత దూరం పోనక్కర్లేదు.

వెళ్లడానికి మంచి కాలం ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా. మే నుంచి ఆగస్టు వరకు పడమటి నుంచి 'లావోస్ గాలి' వీస్తుంది. ఆ గాలి లావోస్‌వైపు కొండలెక్కేటప్పుడు తేమంతా అక్కడే వదిలేసి, ఇటు దిగేసరికి పొడిగా, సెగలా మారుతుంది. రోహిణి కార్తెలో మన వడగాడ్పు ఎలాగో అదీ అలాగే, 40 డిగ్రీలు దాటిన రోజులుంటాయి. ఆ నెలల్లో వెళ్తే పొద్దున ఎనిమిదిలోపు మెట్లు ఎక్కేయాలి. డిసెంబరు, జనవరిలో సన్నటి జల్లు, చలిగాలి. మనవాళ్లకు స్వెట్టర్ కావాలి.

ప్రశ్న: దొంగ్ హోయ్‌లో బైకు అద్దెకు తీసుకుని వెళ్లిపోవచ్చని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇక్కడ ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ లైసెన్సు తీసుకుంటే సరిపోతుందా? – రాజాం

జవాబు: సరిపోదు తమ్ముడూ. మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 నాటి జెనీవా ఒప్పందం కిందది. వియత్నాం గుర్తించేది 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చినదాన్ని. మన దేశం అందులో లేదు. బండి అద్దెకిచ్చేవాడు నిన్ను లైసెన్సు అడగడు, అందుకే అందరూ ఏం పర్లేదనుకుంటారు. ప్రమాదం జరిగితే చెల్లని లైసెన్సుతో నడిపినందుకు ట్రావెల్ ఇన్సూరెన్సు పైసా ఇవ్వదు. కాలు విరిగితే ఆపరేషన్ ఖర్చు, ఎదుటివాడికి తగిలితే ఆ ఖర్చూ నీదే. పైగా అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి. తిన్నగా పోయేటప్పుడు అలవాటవుతుంది గానీ, ఖాళీ రోడ్డు మీద ఎడమకు మళ్లేటప్పుడు చెయ్యి పాత అలవాటు చొప్పున తప్పు వరసలోకి పోతుంది. ఆ ఒకటో నంబరు రహదారి నిండా కంటైనర్ లారీలు. కారు మాట్లాడుకోండి, నలుగురు పంచుకుంటే భారం కాదు.

ప్రశ్న: సమాధితోపాటు దియెన్ బియెన్ ఫూ కూడా చూడాలి. వారం రోజుల్లో అవుతుందా? – ఆమదాలవలస

జవాబు: రెండూ పూర్తిగా వేరే దిక్కులు. దియెన్ బియెన్ ఫూ హనోయ్‌కి పడమర, లావోస్ సరిహద్దు దగ్గర. బస్సులో కొండల మీద ఒక పగలో రాత్రో పడుతుంది, హనోయ్ నుంచి విమానం కూడా ఉంది. వారంలో రెండూ పెట్టుకుంటే ప్రయాణమే మిగులుతుంది. కనీసం తొమ్మిది రోజులు చేసుకోండి. లేదంటే ఒకటి వదిలేయండి.

వెళ్లగలిగితే ముఓంగ్ ఫాంగ్ అడవిలోని ఆయన సైనిక స్థావరం తప్పక చూడాలి. ఊరికి ముప్పై కిలోమీటర్ల పైన ఉంటుంది. గియాప్ ఎలాంటి మనిషో అర్థమయ్యే చోటు అదే. 1954 జనవరి చివర దాడికి అంతా సిద్ధమైంది. ఫిరంగులను సైనికులు తాళ్లతో కొండల మీదికి చేతులతో లాగి పెట్టారు. 'వేగంగా కొట్టి వేగంగా గెలవడం' అన్నది పథకం. గియాప్ దాన్ని ఆఖరి గడియలో ఆపేశారు. లాగిన ఫిరంగులను మళ్లీ వెనక్కి లాగించారు. తన జీవితంలో అతి కష్టమైన నిర్ణయం అదేనని ఆయనే చెప్పుకున్నారు. ఆరు వారాలు కందకాలు తవ్వి, బియ్యం, మందుగుండు చేరవేయించి, మార్చి 13న మొదలుపెట్టారు. మే 7న ముగిసింది, మొత్తం 56 పగళ్లూ రాత్రులూ. దియెన్ బియెన్ ఫూలో పోరు జరిగిన ఏ1 గుట్ట మీద దాదాపు టన్ను మందుగుండు పేల్చిన గొయ్యి ఇప్పటికీ ఉంది.

తొమ్మిది రోజులు కుదరకపోతే దొంగ్ హోయ్ నుంచే దక్షిణానికి ఒక పూట వెళ్లి, అన్ సా గ్రామంలో ఆయన పుట్టిన ఇల్లు చూడండి. ఫ్రెంచివాళ్లు తగలబెట్టిన ఇంటిని పాత పునాది మీదే తిరిగి కట్టారు. కియెన్ జాంగ్ నది పక్కనే. సెప్టెంబరు 2న, వాళ్ల జాతీయ దినాన, ఆ నదిలో పడవ పందేలు జరుగుతాయి. పుట్టిన ఊరు ఒక పొద్దు, సమాధి మర్నాడు పొద్దు, అలా పెట్టుకుంటే అలసట ఉండదు.

ప్రశ్న: మేం శాకాహారులం. తిండి దొరుకుతుందా? అక్కడి డబ్బు లెక్క కూడా చెప్పండి. – చీపురుపల్లి

జవాబు: 'చాయ్' అని బోర్డు ఉన్న హోటల్ వెతకండి. అక్కడ చాయ్ అంటే టీ కాదు, శాకాహారం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వాళ్లలోనూ చాలామంది మాంసం మానేస్తారు కాబట్టి ఆ పూటల్లో తేలిగ్గా దొరుకుతుంది. మామూలు హోటల్‌లో 'కూరగాయలే వేశాం' అన్నా నమ్మకండి, చేపల నుంచి తీసిన 'నూక్ మామ్' అనే రసం ఉప్పు బదులు అన్నింట్లోనూ పోస్తారు. వూంగ్ చువా దగ్గర శాకాహార హోటల్ మీద ఆశ పెట్టుకోవద్దు. దొంగ్ హోయ్‌లో అరటిపళ్లు, రొట్టె, వేరుశనగలు కొని కారులో పెట్టుకోండి.

డబ్బుకు డాలర్లు తీసుకెళ్లి అక్కడ డాంగ్‌లుగా మార్చుకోండి. లక్ష డాంగ్ మన డబ్బులో సుమారు 340 రూపాయలు. నోట్ల మీది సున్నాలు చూసి కంగారుపడకుండా, చివరి మూడు సున్నాలు వేలితో మూసి చదవడం అలవాటు చేసుకోండి. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలం రంగే, రెండింటి మీదా హో చి మిన్ ముఖమే. మసక వెలుతురులో 70 రూపాయలు ఇవ్వబోయి 1,700 ఇచ్చేస్తారు. పెద్ద నోట్లను పర్సులో వేరే అరలో పెట్టుకోండి, కారు దిగేటప్పుడు లోపలి లైటు వేయించుకుని డబ్బు లెక్కపెట్టండి.